ఒకే మాట, ఆరు పనులు: ఒక పదకోశంలో ‘ట్రాన్స్‌క్రిప్షన్’ చిక్కు

నేను పరిభాష సంపాదకురాలిని. అనువాదకులు పాఠాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏ సాంకేతిక పదానికి ఏ తెలుగు మాట వాడాలో నిర్ణయించి, పదకోశంలో చేర్చి, అది అన్ని పాఠాల్లో ఒకేలా ఉండేట్టు చూడటం నా పని. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక పనిలో ఎదురైన చిక్కు గురించి. సంస్థ పేరు, మనుషుల వివరాలు వదిలేశాను. గుర్తుపట్టే వీలున్న కొన్ని చిన్న సంగతులను మార్చాను. పదాలూ వాటి చుట్టూ జరిగిన వాదనలూ మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

పాఠాలు తయారుచేసే ఒక సంస్థ జీవశాస్త్రం, భాషాశాస్త్రం, సంగీతం, ఉన్నత విద్య మార్గదర్శనం అనే నాలుగు వరుసల వీడియో పాఠాలను తెలుగులోకి తెస్తోంది. చూసేవాళ్లు ఎక్కువగా తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీలో చేరబోయే పిల్లలు. అనువాదకులు వేర్వేరు ఊళ్లలో ఉంటారు, ఒకరినొకరు చూసుకోరు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక సాఫ్ట్‌వేర్, అందులోని పదకోశం. మూలంలో ఒక పదం కనిపించగానే పక్కన తెలుగు మాట వెలుగుతుంది, అనువాదకుడు దాన్ని నొక్కుతాడు. ఒక మూలపదానికి ఒకే తెలుగు పదం ఉండాలన్నది ఆ సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచీ ఉన్న నియమం.

నన్ను పిలిచేనాటికి సగం పాఠాలు పూర్తయ్యాయి.

ఎదురైన సమస్య

ముగ్గురు సమీక్షకుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ముగ్గురూ వేర్వేరు పాఠాల గురించే రాశారు, కానీ వేలు పెట్టి చూపించింది ఒకే మూలపదాన్ని: ‘ట్రాన్స్‌క్రిప్షన్’. పదకోశంలో దానికి ఉన్న తెలుగు మాట ‘లిప్యంతరీకరణ’.

జీవశాస్త్ర పాఠంలో ‘డీఎన్‌ఏ లిప్యంతరీకరణ’ అని ఉంది. మన ఇంటర్ పుస్తకాలు చదివిన పిల్లలకు తెలిసిన మాట ‘అనులేఖనం’. పరీక్షలో రాయాల్సిన మాట, పాఠంలో వినే మాట వేరయ్యాయి.

భాషాశాస్త్ర పాఠంలో ఉచ్చారణను ప్రత్యేక సంకేతాలతో రాయడానికీ, ఒక లిపిలోని అక్షరాలను మరో లిపిలోకి మార్చడానికీ తేడా చెప్పే భాగం ఉంది. రెండింటికీ ఒకే తెలుగు పదం పడటంతో ఆ వాక్యం ఇలా తయారైంది: ‘లిప్యంతరీకరణకూ లిప్యంతరీకరణకూ మధ్య ముఖ్యమైన తేడా ఏమిటంటే…’ ఈ వాక్యం అనువాదకుడినీ, సరిచూసినవారినీ, గొంతు ఇచ్చినవారినీ దాటుకుని వచ్చింది. ముగ్గురిలో ఎవరినీ నేను తప్పుపట్టలేదు. పదకోశం చెప్పింది కదా అన్న భరోసా మనిషిలోని అనుమానాన్ని నిద్రపుచ్చుతుంది. నాకు మొదట కనిపించిన అసలు జబ్బు అదే.

సంగీత పాఠంలో మరో రకం నష్టం జరిగింది. ఈ పదం జీవశాస్త్రంలో తప్పని తెలిసిన ఒక అనువాదకురాలు దాన్ని సొంతంగా ‘అనులేఖనం’గా మార్చుకుని, అదే మాటను సంగీతంలోనూ వాడారు. ‘బేథోవెన్ రాసిన తొమ్మిది సింఫనీలకు లిస్ట్ అనులేఖనం చేశాడు’ అని వచ్చింది. చదివినవారికి పియానో విద్వాంసుడైన లిస్ట్ వాటిని చేత్తో ఎత్తిరాసుకున్నాడని అర్థమవుతుంది. జరిగింది అది కాదు. వాద్యబృందమంతా కలిసి వాయించే సంగీతాన్ని ఒక్క పియానో మీద రెండు చేతులతో పలికించేలా అతను మలిచాడు. అది పెద్ద సృజన. మన వాక్యం ఆయన్ని నకలు రాసేవాడిని చేసింది.

వీటికి తోడు విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయడం గురించిన పాఠంలో ‘మీ అనులేఖనాలను జతచేయండి’ అని ఉంది. ఆ వాక్యం అర్థమయ్యే పిల్లవాడు ఎవరూ ఉండరు. ఇంట్లో ఒకరు అమెరికా వెళ్లే ప్రయత్నంలో ఉన్నా చాలు, ‘ట్రాన్స్‌క్రిప్ట్స్’ అంటే విశ్వవిద్యాలయం సీలు వేసి ఇచ్చే మార్కుల పత్రాలని ఆ ఇంటిల్లిపాదికీ తెలుసు.

మొదటి ప్రయత్నం: అన్నింటికీ అనులేఖనం

మూలభాషలో ఒకే పదం ఉన్నప్పుడు తెలుగులోనూ ఒకే పదం ఉంటే ఏమిటి నష్టం అన్నది సంస్థ వాదన. అందులో బలం లేకపోలేదు. జీవశాస్త్రవేత్తలు ఈ పదాన్ని కావాలనే భాష నుంచి తెచ్చుకున్నారు. డీఎన్‌ఏ నుంచి ఆర్ఎన్‌ఏ తయారుకావడం ఒకే భాషలో తిరగరాయడం వంటిది, ఎందుకంటే రెండూ న్యూక్లియోటైడ్లు అనే నాలుగు అక్షరాల భాషే. ఆర్ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారుకావడం మాత్రం భాష మారడం. నాలుగు అక్షరాలతో మూడేసిగా ఏర్పడే 64 మాటల (కోడాన్ల) నుంచి 20 అమైనో ఆమ్లాల భాషలోకి వెళ్తాం. అందుకే రెండోదానికి ‘అనువాదం’ అనే పేరు వచ్చింది. తెలుగులోనూ అనులేఖనం, అనువాదం అని జంటగా చెప్పినప్పుడు ఆ పోలిక చక్కగా నిలుస్తుంది. అన్ని శాస్త్రాల్లోనూ అదే మాట వాడితే పిల్లలు ఆ బంధాన్ని గుర్తిస్తారని నేనూ నమ్మాను.

కొందరు విద్యార్థుల చేత చదివించి చూశాం. ‘అను’ అంటే వెంబడి, ‘లేఖనం’ అంటే రాయడం కాబట్టి వాళ్లంతా ఎత్తిరాయడం అనే అనుకున్నారు. జీవశాస్త్రం దగ్గర అది ఇబ్బంది పెట్టలేదు. సంగీతంలో లిస్ట్ మళ్లీ నకలు రాసేవాడయ్యాడు. ఉచ్చారణ పాఠంలో, ‘ఎవరో ముందే రాసిపెట్టినదాన్ని చూసి రాయాలా?’ అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న నాకు బాగా గుర్తుండిపోయింది. అక్కడ ముందే రాసినది ఏమీ లేదు. ఉన్నది గొంతు మాత్రమే.

రెండో ప్రయత్నం: ఆంగ్ల పదాన్నే ఉంచడం

తెలుగు మాట వెతుక్కోవడం మానేసి ‘ట్రాన్స్‌క్రిప్షన్’ అనే రాద్దామన్నారు. 2020 తర్వాత ఆర్‌టీ-పీసీఆర్ అనే మాట వినని ఇల్లు లేదు, అందులోని ఆర్‌టీ ఈ పదానికి చుట్టమే కదా అని ఒకరు గుర్తుచేశారు. సరదాగా అన్న మాట కాదది. మేము పాఠంలో ఆ ఉదాహరణను ఉంచుకున్నాం కూడా. కరోనా వైరస్‌లో జన్యుపదార్థం ఆర్ఎన్‌ఏ. పీసీఆర్ పద్ధతి పెంచేది డీఎన్‌ఏను. కాబట్టి ముందు ఆర్ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏను రాయాలి. ఆ ఎదురు నడకే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్. 1970లో శాస్త్రవేత్తలు టెమిన్, బాల్టిమోర్ వేర్వేరుగా దాన్ని జరిపే ఎంజైమును కనుగొన్నారు, 1975లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఇద్దరూ ఉన్నారు.

అయినా ఈ దారి కూడా సాగలేదు. నామవాచకంగా ఉన్నంతసేపు పదం బాగానే ఉంటుంది. క్రియ అవసరమైన చోట ‘జన్యువు ట్రాన్స్‌క్రైబ్ చేయబడుతుంది’ వంటి వాక్యాలు పుట్టుకొచ్చాయి, వాటిని బిగ్గరగా చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. తెలుగు మాట ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు అనువాదకుడు ఒక్క క్షణం ఆగి, ఇక్కడ జరుగుతున్నది ఏమిటని ఆలోచిస్తాడు. ఆంగ్ల పదాన్ని అలాగే దించేస్తే ఆ ఆగడం ఉండదు. మూలంలోని అస్పష్టత తెలుగులోకి చెక్కుచెదరకుండా దిగుమతి అవుతుంది.

మూడో ప్రయత్నం: శాస్త్రానికి ఒక పదం

సాఫ్ట్‌వేర్ నియమాన్ని సడలించి, పదం పక్కన శాస్త్రం పేరు చేర్చాం. జీవశాస్త్రమైతే అనులేఖనం, భాషైతే లిప్యంతరీకరణ, సంగీతమైతే స్వరలేఖనం. పదకోశాలు తయారుచేసేవారు సాధారణంగా ఇక్కడితో ఆగుతారు. నేనూ ఇంతకు ముందు చాలాసార్లు ఇక్కడే ఆగాను. ఈసారి ఆగలేకపోవడానికి కారణం, ఒక్కో శాస్త్రం లోపలే పదం మళ్లీ చీలిపోవడం.

భాషనే తీసుకోండి. తెలుగు లిపిలోని ‘వచ్చాడు’ను రోమన్ లిపిలో పెట్టడం ఒక పని. అక్షరానికి అక్షరం కుదిరితే చాలు, వెనక్కి తెలుగులోకి తెచ్చుకోవచ్చు. అదే మాటను పలికినట్టు రాయడం వేరే పని. ‘చ్చా’ దగ్గర మనం రాసేది ‘ఆ’కారం, చాలామంది పలికేది ‘ఆ’కూ ‘ఏ’కూ మధ్య ఉన్న అచ్చు. దానికి మన లిపిలో గుర్తు లేదు. ‘చదువు’లోని చకారం, ‘చెట్టు’లోని చకారం వినడానికి వేరు, రాతలో ఒకటి. ఈ తేడా చూపడానికి ‘ౘ’, ‘ౙ’ అనే అక్షరాలు ఉన్నాయి, యూనికోడ్‌లోనూ ఉన్నాయి. రోజువారీ రాతలో మాత్రం ఎవరూ వాడరు. లిపిని మార్చేవాడికి ఈ తేడాలతో పని లేదు. ఉచ్చారణను రాసేవాడికి పని అంతా వీటితోనే. ఇక ఒక ఇంటర్వ్యూ విని మాటలన్నీ కాగితం మీద పెట్టడం మూడో పని. అందులో తడబాట్లు ఉంచాలా, ‘అదీ… అంటే…’ అన్న నసుగుడు తీసేయాలా అన్నదే ప్రధానమైన నిర్ణయం.

సంగీతంలోనూ అంతే. విన్న పాటను స్వరాల్లో రాసుకోవడం ఒకటి, లిస్ట్ చేసినట్టు ఒక వాద్యానికి రాసినదాన్ని మరో వాద్యానికి మలచడం మరొకటి. స్వరకర్త వివాల్డీ వాద్యబృందానికి రాసిన కొన్ని కన్చెర్టోలను మరో స్వరకర్త బాహ్ ఆర్గన్‌కు మలిచింది కూడా ఈ రెండో పనే.

ఒక పాఠం అయితే ఈ ఏర్పాటును పూర్తిగా పడగొట్టింది. జానపద పాటల సేకరణ గురించిన పాఠమది. అందులో ఒకే వాక్యంలో పాట సాహిత్యాన్ని రాసుకోవడమూ వరసను రాసుకోవడమూ ఉన్నాయి. మూలంలో రెండింటికీ ఒకే క్రియ. అనువాదకుడు సంగీతం గుర్తు నొక్కాడు, ముసలమ్మ పాడిన మాటలకు కూడా ‘స్వరలేఖనం’ జరిగింది. మరొకరు దాన్ని సరిచేయబోయి ‘స్వరపరిచారు’ అని రాశారు. తెలుగులో స్వరపరచడమంటే బాణీ కట్టడం. పాట సేకరించినవాడే పాటకు బాణీ కట్టినట్టయింది. ఆ ముసలమ్మకు చెందవలసిన ఘనతను మన వాక్యం ఇంకొకరికి ఇచ్చేసింది. పదకోశం తప్పుతో ఇలాంటిది జరిగితే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ పాటకు ఇంకో సాక్ష్యం ఉండదు.

మలుపు

సమీక్షకుల్లో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు ఉన్నారు. మా చర్చలన్నీ ఓపిగ్గా విని, ఒక సాయంత్రం ఫోను చేశారు.

“అమ్మా, మీరు చిన్నప్పుడు బళ్లో చూచివ్రాత రాశారా?”

“రాశాను మాస్టారూ.”

“ఉక్తలేఖనం?”

“అదీ రాశాను. నాకు దానిలోనే మార్కులు పోయేవి.”

“మరి రెండింటిలో తప్పులు ఒకే రకంగా వస్తాయా? చూచివ్రాతలో తప్పొస్తే కన్ను జారినట్టు, ఉక్తలేఖనంలో తప్పొస్తే చెవి జారినట్టు. మీ ఆంగ్ల పదం ఈ రెండింటినీ ఒకే సంచిలో వేసింది. మన బడి ఎప్పుడో విడదీసి పెట్టింది.”

ఆ రాత్రి నేను పదాల జాబితా పక్కన పెట్టి ప్రశ్నల జాబితా రాసుకున్నాను. నాలుగు ప్రశ్నలు: ముందున్నది ఏమిటి, కనిపించేదా వినిపించేదా? తయారయ్యేది ఏమిటి? ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది? తయారైనదాని నుంచి మొదటిదానికి వెనక్కి రాగలమా? పదకోశంలో ఆ మాట దగ్గర తెలుగు పదం బదులు ఈ నాలుగు గళ్లు కనిపించేలా చేయించాను. అవి నింపిన తర్వాతే పదం ఎంచుకునే వీలుంటుంది. పని నెమ్మదిస్తుందని సంస్థ వెనకాడింది. ఈ ఒక్క పదానికి మాత్రమేనని ఒప్పించాను.

గళ్లు నింపినప్పుడు తేలినవి

జీవశాస్త్రం గడి సులువనుకున్నాం. కానీ జట్టులో ఒకరు మంచి వాదన తెచ్చారు. డీఎన్‌ఏలో ఉన్న థైమిన్ అనే అక్షరం స్థానంలో ఆర్ఎన్‌ఏలో యురాసిల్ వస్తుంది, చక్కెర కూడా మారుతుంది, మరి ఇది తెలుగు లిపి నుంచి కన్నడ లిపికి మారడం వంటిదే కదా, మొదట పెట్టిన లిప్యంతరీకరణ అంత తప్పా అని. తోసిపుచ్చదగిన వాదన కాదు. పుస్తకాల్లో స్థిరపడిన మాట వేరన్న కారణం ఒక్కటే అయితే నేను తడబడేదాన్ని. రెండో గడి తేల్చింది. లిప్యంతరీకరణలో గ్రంథం మొత్తం లిపి మారుతుంది. కణంలో అలా జరగదు. ఆర్ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము ఒక జన్యువు మొదలయ్యే చోట అతుక్కుని, ముగింపు సంకేతం దాకా రాసి వదిలేస్తుంది. గ్రంథాలయంలో ఒక పుస్తకంలోని ఒక పుటను అవసరం కోసం ఎత్తిరాసుకుని బయటికి తెచ్చుకోవడం లాంటిది. ఆ ఎత్తిరాత అనే భావం అనులేఖనంలోనే ఉంది.

చూచివ్రాత పోలికను పాఠంలో వాడేటప్పుడు మాత్రం జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు ఒక హెచ్చరిక చేర్చమన్నారు. డీఎన్‌ఏలో మూసగా పనిచేసే పోగు మీద టీ-ఏ-సీ ఉన్నచోట ఆర్ఎన్‌ఏలో టీ-ఏ-సీ రాదు, ఏ-యూ-జీ వస్తుంది. ఎదురుగా ఉన్నదానికి జత అక్షరం పడుతుంది. అచ్చు దిమ్మ మీద అక్షరం తిరగబడి ఉండి కాగితం మీద సరిగ్గా పడినట్టు, ఫలితం చూస్తే డీఎన్‌ఏలోని రెండో పోగును పోలి ఉంటుంది. ఆమె మరో దిద్దుబాటు కూడా చేశారు. ‘జారిపోయేది’ గడిలో మేము ఇంట్రాన్లు (జన్యువు మధ్యలో ఉండి ప్రోటీన్‌కు సంకేతం ఇవ్వని భాగాలు) అని రాశాం. అనులేఖనంలో అవి జారిపోవు, అవి కూడా రాతలోకి వస్తాయి, ఆ తర్వాతి కత్తిరింపులో పోతాయి అని కొట్టేశారు. కానీ నాలుగో గడిలో వాటిని మళ్లీ రాశారు. కత్తిరింపు పూర్తయిన ఆర్ఎన్‌ఏ నుంచి వెనక్కి డీఎన్‌ఏ తయారుచేస్తే అందులో ఇంట్రాన్లు ఉండవు. వెనక్కి వచ్చాం, బయలుదేరిన చోటికి రాలేదు. ఇంట్రాన్లను కత్తిరించలేని బాక్టీరియాలో మానవ జన్యువును పనిచేయించాలంటే శాస్త్రవేత్తలకు కావలసింది కూడా సరిగ్గా అలాంటి డీఎన్‌ఏనే.

సంగీతం దగ్గర మాకు దారి చూపింది ఒక వీణ టీచరు. తోడి రాగంలో గాంధారాన్ని ‘గ’ అని రాస్తే ఏం రాసినట్టు అని ఆమె అడిగారు. ఆ గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూ ఉంటుంది. గురువు దగ్గర తోడి నేర్చుకున్నవారికి ‘గ’ అన్న ఒక్క అక్షరం చాలు, మిగతాది వేళ్లకు తెలుసు. తోడి ఎన్నడూ విననివారికి ఆ అక్షరం దాదాపు ఏమీ చెప్పదు. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరాలతో పాటు గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే తీరులకు, ప్రత్యేక గుర్తులు పెట్టింది ఈ లోటు తెలిసే. అమెరికా సంగీతశాస్త్రవేత్త చార్లెస్ సీగర్ 1958లో ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చెప్పాడు: ఎలా పాడాలో చెప్పడానికి రాసే రాత వేరు, ఒకరు ఎలా పాడారో చూపడానికి రాసే రాత వేరు. జానపద పాటల పాఠంలో ఉన్నది రెండోది.

దాంతో ఆ వాక్యం ఇలా స్థిరపడింది: ‘పాట మాటలను విని రాసుకున్నారు, వరసను స్వరలిపిలో పెట్టారు.’ ఒక క్రియ స్థానంలో రెండు. పొడవు కొంచెం పెరిగింది, పాట ముసలమ్మదిగానే ఉంది.

లిస్ట్ విషయంలో ‘వాద్యాంతరీకరణ’ అనే కొత్త పదం కట్టి చూశాం. లిప్యంతరీకరణకు జోడుగా బాగానే కుదిరిందని నేను మురిసిపోయాను. విద్యార్థులు దాన్ని చదివి, వాద్యాలు మార్చుకోవడం అనుకున్నారు. వదిలేశాను. ‘పియానోకు మలిచాడు’ అన్న మూడు సంవత్సరాల పిల్లకైనా తెలిసిన క్రియ దగ్గర ఎవరికీ సందేహం రాలేదు. పారిభాషిక పదం స్థానంలో మామూలు క్రియ పెట్టడానికి నాలాంటివారికి చెయ్యి రాదు, పని చేయనట్టు అనిపిస్తుంది. ఇక్కడ పెట్టాను.

ఉచ్చారణను రాయడానికి ‘ధ్వనిలేఖనం’, లిపి మార్పుకు మాత్రమే ‘లిప్యంతరీకరణ’, ఇంటర్వ్యూకు ‘లిఖిత రూపం’ అని పెట్టుకున్నాం. వెనక్కి రాగలమా అన్న ప్రశ్న ఈ మూడింటినీ పిల్లలకు చటుక్కున విడదీసి చూపింది. లిపి మార్పు నుంచి వెనక్కి రావచ్చు. ధ్వనిలేఖనం నుంచి ఆ పలుకుబడి దగ్గరికి చాలావరకు రావచ్చు, రాసినవారి స్పెల్లింగు దగ్గరికి రాలేం. లిఖిత రూపం నుంచి గొంతు దగ్గరికి అసలే రాలేం. విశ్వవిద్యాలయ పత్రాలకు ‘ట్రాన్స్‌క్రిప్ట్స్’ అనే ఉంచేశాం. అక్కడ పిల్లవాడు కిటికీ దగ్గర నిలబడి అడగాల్సిన మాట అదే, దానికి తెలుగు కల్పించి అతన్ని ఇబ్బంది పెట్టే హక్కు నాకు లేదు.

నేర్చుకున్నవి

మొదటి రెండు ప్రయత్నాల్లో నేను చేసిన తప్పు పదం నుంచి బయలుదేరడం. ‘దీనికి తెలుగు ఏమిటి’ అన్న ప్రశ్నలో ‘దీనికి’ అన్నది ఒక్కటేనని ముందే ఒప్పుకున్నాను. మూడో ప్రయత్నంలో దాన్ని మూడుగా లెక్కపెట్టాను, అది కూడా శాస్త్రాల సరిహద్దులను బట్టి. అవి కళాశాలలు గీసుకున్న గీతలు, పనులు వాటి ప్రకారం చీలవు. విన్న పాటను స్వరాల్లో పెట్టేవారికీ, విన్న మాటను ధ్వని సంకేతాల్లో పెట్టేవారికీ ఉన్న చుట్టరికం, అదే సంగీతశాఖలో పియానోకు మలిచేవారితో లేదు.

జారిపోయేది ఏమిటన్న గడి అన్నింటికన్నా ఎక్కువ పని చేసింది. నిలిచేది ఏమిటో అందరూ చెప్పగలరు. తాళపత్రాలను ఎత్తిరాసిన లేఖకులు చివర్లో ఒక శ్లోకం పెట్టేవారు: చూసినట్టే రాశాను, అది శుద్ధమైనా అశుద్ధమైనా దోషం నాది కాదు అని. చూచివ్రాతలో ఆ మాట చెల్లుతుంది. విని రాసేవారికి చెల్లదు. ఏది వదిలేయాలో అక్కడ రాసేవారే నిర్ణయిస్తారు, కాబట్టి బాధ్యత కూడా వారిదే.

ఒకటి మాత్రం తెగలేదు. జీవశాస్త్రవేత్తలు ఈ పదాన్ని భాష నుంచి తెచ్చుకున్నారని చెప్పే పాఠంలో, మూలభాషలో రెండు వైపులా ఒకే మాట ఉండటమే ఆ వాక్యానికి ప్రాణం. తెలుగులో ఎత్తిరాయడం, అనులేఖనం అని రెండు వైపులా పెట్టి, ‘లేఖనం అన్నా రాయడమే’ అని ఒక వాక్యం కలిపాం. అర్థం అందుతుంది, మెరుపు తగ్గింది.

పోయిన నెల శాసనాల గురించి ఒక కొత్త పాఠం వచ్చింది. అందులో కడప జిల్లా కలమళ్ల శాసనం ఉంది, 6వ శతాబ్దం నాటిది. రాతి మీది పాత అక్షరాలను చదివి నేటి అక్షరాల్లో రాయడం గురించిన భాగం. మూలంలో మళ్లీ అదే పదం. అనువాదకురాలు కొత్తగా చేరిన అమ్మాయి. నాకు ఫోను చేయకుండానే నాలుగు గళ్లూ నింపి పంపింది. ముందున్నది: కనిపించేది, రాయి. తయారయ్యేది: నేటి లిపిలో అవే మాటలు. వెనక్కి రాగలమా: మాటల దాకా రావచ్చు, చెక్కినవాడి చేతివాటం దాకా రాలేం. జారిపోయేది అన్న చోట, ‘పెచ్చు ఊడినచోట ఉన్న అక్షరాలు. ఊహించి పూరించినవాటిని కుండలీకరణల్లో చూపకపోతే, ఊహ శాసనమైపోతుంది’ అని రాసింది. తెలుగు పదం గడిలో ‘శాసన పాఠం’ అని పెట్టి, పక్కన ఒక ప్రశ్నార్థకం ఉంచింది. ఆ ప్రశ్నార్థకం తీసేసి ఆమోదించాను.